ఒక్కొక్కటిగా చూస్తే హాలు భద్రమే: అగ్నిభద్రత లెక్కల్లో అనిశ్చితి

ఒక ఫంక్షన్ హాలు ఉందనుకుందాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 20, సీలింగు ఎత్తు 6. బయటికి రెండు తలుపులు, ఒక్కోటి 2 మీటర్ల వెడల్పు. లోపల మంట లేస్తే, పొగ తల ఎత్తుకు దిగేలోపు అందరూ బయటపడగలరా? అగ్నిభద్రత ఇంజనీర్లు ఈ ప్రశ్నను రెండు సమయాలుగా విడగొడతారు. పొగ దిగడానికి పట్టే కాలం మొదటిది. దాన్ని దొరికే సమయం అందాం. అందరూ గుమ్మం దాటడానికి పట్టే కాలం రెండోది, అంటే కావలసిన సమయం. వృత్తిలో ఉన్నవాళ్ళు వీటినే ఏసెట్, ఆర్‌సెట్ అంటారు. దొరికేది కావలసినదానికంటే ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ ఉంటే సరిపోతుందో తేల్చడమే కష్టం, ఎందుకంటే ఈ రెండు అంకెల్లో ఏదీ నిజానికి ఒక్క అంకె కాదు.

ముందు దొరికే సమయం. మంట పెరుగుదలకు అందరూ వాడే నమూనాలో ఉష్ణ విడుదల రేటు, అంటే మంట సెకనుకు వదిలే వేడి, కాలం వర్గంతో (కాలాన్ని కాలంతోనే హెచ్చించినదానితో) పాటు పెరుగుతుంది. 1055 కిలోవాట్లకు చేరడానికి ఎంతసేపు పడుతుందో దాన్ని బట్టి మంటలు నాలుగు తరగతులు: నిదానం 600 సెకన్లు, మధ్యస్థం 300, వేగం 150, అతివేగం 75. 1055 అన్న అంకెకు ప్రత్యేక అర్థమేమీ లేదు. పాత కొలమానంలో సెకనుకు 1000 బీటీయూలు అన్నదాన్ని కిలోవాట్లలోకి మారిస్తే అది వచ్చింది. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 92లోని పొగ నిండే సమీకరణాన్ని మన హాలుకు వర్తింపజేస్తే, పొగ నేలకు 2 మీటర్ల ఎత్తుకు దిగడానికి మధ్యస్థ మంటయితే 444 సెకన్లు, వేగమైతే 336, అతివేగమైతే 255 పడుతుంది.

ఇక కావలసిన సమయం. ఇందులో మూడు ముక్కలున్నాయి. మంటను గుర్తించి అలారం మోగడం ఒకటి, విన్నవాళ్ళు లేచి కదలడం మొదలుపెట్టడం రెండోది, తలుపుల్లోంచి జనం దాటడం మూడోది. మొదటిదానికి 60 సెకన్లు, రెండోదానికి 90 వేద్దాం. తలుపు దగ్గర లెక్క ఇది: చట్రానికి ఇరువైపులా 15 సెంటీమీటర్లు జనం వాడుకోరు కనుక 2 మీటర్లలో పనికొచ్చేది 1.7 మీటర్లు. మీటరుకు సెకనుకు గరిష్ఠంగా 1.3 మంది చొప్పున ఒక తలుపులోంచి సెకనుకు 2.2 మంది, రెండింట్లోంచి 4.4 మంది దాటుతారు. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం భోజనాల హాలుకు మనిషికి 1.5 చదరపు మీటర్లు. 600 చదరపు మీటర్లకు 400 మంది. వాళ్ళు దాటడానికి 91 సెకన్లు. మొత్తం 241 సెకన్లు. మధ్యస్థ మంటకు దొరికేది 444. మిగులు 203 సెకన్లు. కావలసిన సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేసినా 362 దగ్గర ఆగుతుంది. నివేదికలో "భద్రం" అని రాయడానికి అభ్యంతరం కనిపించదు.

ఒక్కో ఇన్‌పుట్‌నూ కదిపితే

ఈ లెక్కలో ప్రతి అంకె వెనుకా ఒక ఊహ ఉంది. దాన్ని పరీక్షించడానికి మామూలుగా చేసే పని సెన్సిటివిటీ విశ్లేషణ: మిగతావన్నీ అలాగే ఉంచి, ఒక్కో ఇన్‌పుట్‌ను చెడువైపు జరిపి చూడటం.

మంట మధ్యస్థం కాక వేగమైతే దొరికేది 336, మిగులు 95 సెకన్లు. భోజనాల బల్లలు తీసి వరసగా కుర్చీలు వేస్తే అదే నియమావళి ప్రకారం మనిషికి 0.6 చదరపు మీటర్లే, అంటే 1000 మంది. వాళ్ళు దాటడానికి 226 సెకన్లు, మిగులు 68. జనం 400 మందే ఉండి ఒక తలుపు మూసుకుపోతే మిగులు 113. కదలడానికి 90 సెకన్లకు బదులు 180 పడితే అప్పుడూ 113. నాలుగు పరీక్షలు, నాలుగింట్లోనూ హాలు నెగ్గింది. సెన్సిటివిటీ అధ్యాయం ఇక్కడ ముగిసిపోయే నివేదికలే ఎక్కువ.

రెండేసి కలిపి చూస్తే బొమ్మ మారిపోతుంది. వేగం మంట, ఒక తలుపు మూత: మిగులు 5 సెకన్లు. వేగం మంట, 1000 మంది: 40 సెకన్ల లోటు. 1000 మంది, ఒకే తలుపు: మంట మధ్యస్థంగానే ఉన్నా 158 సెకన్ల లోటు. నాలుగూ ఒకేసారి వస్తే కావలసింది 692 సెకన్లు, దొరికేది 336. ఆరు నిమిషాలకు నాలుగు సెకన్లు తక్కువ లోటు. విడివిడిగా ఏ ఒక్కటీ పడగొట్టలేని హాలును ఏ రెండు కలిసినా అంచుకో, అంచు దాటో నెట్టేశాయి.

నాలుగూ ఒకే రాత్రి కలవడం అరుదు కదా అని వెంటనే తోస్తుంది. ఆ ఆలోచన దగ్గరే రిస్క్ లెక్కలు ఎక్కువగా దారి తప్పుతాయి. ఒక మంచి ముహూర్తం రోజు హాలు ఎలా ఉంటుందో చూడండి. జనం కిక్కిరిసి ఉంటారు. వేదిక వెనుక గుడ్డ, థర్మోకోల్, ప్లాస్టిక్ పూలు, ఫోమ్ సోఫా ఉంటాయి, అంటే మంట వేగం తరగతికి ఎక్కుతుంది. పక్క తలుపుకు అడ్డంగా మండపం వెనుక తెర లేస్తుంది, లేదా పిలవనివాళ్ళు రాకుండా ఆ తలుపుకు గడియ పడుతుంది. నాదస్వరం, డీజే హోరులో అలారం వినపడదు, వినపడ్డా ముహూర్తం వేళకు ఎవరూ కుర్చీ వదలరు. నాలుగు చెడులకూ కారణం ఒక్కటే: ఆ రోజు హాలు నిండుగా ఉంది.

దీని బరువు ఎంతో అంకెల్లో చూడొచ్చు. కిక్కిరిసిన జనం, వేగం మంటకు దారితీసే డెకరేషన్, మూసిన తలుపు, ఈ మూడూ ఒక్కోటి పది రాత్రుల్లో ఒక రాత్రి ఉంటాయనుకుందాం. వాటికి పరస్పర సంబంధం లేదనుకుని హెచ్చిస్తే వెయ్యి రాత్రుల్లో ఒకటి, అంటే దాదాపు మూడేళ్ళకొకసారి మూడూ కలుస్తాయి. అదే, జనం నిండిన రాత్రి మిగతా రెండూ ఒక్కోటి పదింట ఎనిమిదిసార్లు ఉంటాయనుకుంటే? 0.1 ను 0.8 తో రెండుసార్లు హెచ్చిస్తే 0.064. ఏడాదికి 23 రాత్రులు. అరవై నాలుగు రెట్ల తేడా. ఏ ఒక్క ఇన్‌పుట్ సంభావ్యతా మారలేదు. మూడూ ఇప్పటికీ పదింట ఒకటే. మారిందల్లా వాటి మధ్య బంధం గురించిన ఊహ. ఈ ఊహను నివేదికల్లో చాలా అరుదుగా రాస్తారు. రాయకపోతే, సంబంధం లేదన్న ఊహే మాట్లాడకుండా అమల్లోకి వచ్చేస్తుంది.

ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ప్రమాదం ఈ దృష్టితో మళ్ళీ చదవదగ్గది. 1997 జూన్ 13న నేల అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్‌ పొద్దున ఒకసారి చెడింది, బాగుచేశారు, సాయంత్రం మళ్ళీ అంటుకుంది. కారిన నూనె, పక్కన పార్కింగ్‌లోని కార్లు మంటకు తోడయ్యాయి. పొగ మెట్ల దారినా ఏసీ దారినా పైకెక్కి బాల్కనీని నింపింది. 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్ల కోసం కుడివైపు నడవా మూసేశారని, ఎనిమిది సీట్ల బాక్సు కుడివైపు దారికి అడ్డమైందని, తలుపుకు గడియ ఉందని, ప్రేక్షకులకు ప్రకటన చేయలేదని, అత్యవసర దీపాలు లేవని విచారణలో తేలింది. వీటిని అయిదు వేర్వేరు వైఫల్యాలుగా పట్టికలో పేర్చి సంభావ్యతలు హెచ్చిస్తే అసాధ్యమనిపించేంత చిన్న అంకె వస్తుంది. అవి వేర్వేరు కావు. ఎక్కువ సీట్లు అమ్మాలన్న నిర్ణయం నడవానూ దారినీ ఒకేసారి తీసేసింది. పట్టించుకోని యాజమాన్యం గడియనూ ప్రకటననూ దీపాలనూ ఒకేసారి పాడుచేసింది.

కొలిస్తే తగ్గేది, కొలిచినా తగ్గనిది

అనిశ్చితి అంతా ఒక్క రకం కాదు. రేపు మంట ఏ మూల పుడుతుందో, ఆ క్షణంలో లోపల ఎంతమంది ఉంటారో ఎంత పరిశోధన చేసినా ముందే చెప్పలేం. అది సహజమైన చెదురు. దానికి సంభావ్యత భాషే సరైనది. కానీ ఆ పక్క తలుపు నిజంగా తెరుచుకుంటుందా, దాని నికర వెడల్పు 2 మీటర్లా 1.7 మీటర్లా, అలారం వేదిక దగ్గర వినపడుతుందా అన్నవి వేరు. టేపు, శబ్దం కొలిచే పరికరం, ఒక మధ్యాహ్నం చాలు వాటిని తేల్చడానికి. ఇలాంటివాటికి కూడా సంభావ్యతా పంపిణీ గీసి సాఫ్ట్‌వేర్‌లో వేయడం సోమరితనం. వెళ్ళి చూడాల్సినదాన్ని అంచనా వేయకూడదు.

డిటెక్టర్ల సంగతే తీసుకోండి. గుర్తింపుకు 60 సెకన్లన్న అంకె, సీలింగుకు బిగించిన డిటెక్టర్ దాకా పొగ అడ్డు లేకుండా వెళ్తుందన్న ఊహ మీద నిలబడింది. ఫంక్షన్ హాల్లో ఆ డిటెక్టర్ల కింద రంగురంగుల గుడ్డతో పందిరి కడతారు. పొగ ముందు ఆ గుడ్డ కింద పరుచుకోవాలి. ఏసీ గాలి దాన్ని పలచన చేసి పక్కకు తోస్తుంది. కొన్నిచోట్ల పెయింటింగ్ వేసేటప్పుడు దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ మూత తీయకుండానే వదిలేస్తారు. ఆ డిటెక్టర్ అలారం కంట్రోల్ ప్యానెల్ మీద ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ప్యానెల్ చూసేది వైరింగును, పొగ లోపలికి వెళ్ళే దారిని కాదు. పరీక్ష కోసం పొగ చిమ్మే డబ్బాతో ఒక్కో డిటెక్టర్‌నూ పరీక్షిస్తే తప్ప ఇది బయటపడదు.

జనం కదలడానికి పట్టే సమయం అన్నిటికంటే జారుడుగా ఉండే అంకె. బ్రిటిష్ పత్రం పీడీ 7974-6 (2004) దీన్ని యాజమాన్యం నాణ్యతతో ముడిపెట్టింది. మెలకువగా ఉండి, స్థలం కొత్త అయిన జనానికి, శిక్షణ ఉన్న సిబ్బంది నడిపే చోట మొదటివాళ్ళు అర నిమిషానికి కదులుతారు, చివరివాళ్ళు ఆ తర్వాత రెండు నిమిషాలలోపు. నిర్వహణ నాసిగా ఉన్నచోట ఇదే 15 నిమిషాలు దాటొచ్చని ఆ పత్రం చెబుతుంది. ఒకే ఇన్‌పుట్‌లో ముప్పై రెట్ల చెదురు ఉన్నప్పుడు, పొగ సమీకరణాన్ని మూడో దశాంశ స్థానం దాకా సరిచూసుకుని ప్రయోజనం లేదు.

సాఫ్ట్‌వేర్ ఎంతవరకు నమ్మదగ్గది

చేతి సమీకరణాల బదులు కంప్యూటర్ నమూనాలు వాడితే అనిశ్చితి తగ్గుతుందన్న నమ్మకం బలంగా ఉంది. దీనికి మంచి పరీక్ష 2006 జూలైలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జరిగింది. కూల్చడానికి సిద్ధంగా ఉన్న డాల్‌మార్నాక్ 23 అంతస్తుల భవనంలో, సామాను నింపిన ఒక ఫ్లాట్‌కు ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం బృందం నిప్పు పెట్టి కొలిచింది. సోఫా పక్క చెత్తబుట్టలో మొదలైన మంట సుమారు 300 సెకన్లకు గదంతా ఒక్కసారి అంటుకునే ఫ్లాష్‌ఓవర్ దశకు చేరింది. ప్రయోగానికి ముందే వేర్వేరు బృందాలకు గది కొలతలు, సామాను, కిటికీల వివరాలన్నీ ఇచ్చి ఏం జరుగుతుందో ఊహించమన్నారు. పది ఊహలు వచ్చాయి. ఎనిమిది ఎఫ్‌డీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో, రెండు సీఫాస్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో చేసినవి. ఒకే సమాచారం, ఎక్కువమందికి ఒకే సాఫ్ట్‌వేర్, అయినా ఊహలు ఒకదానికొకటీ పొంతన లేవు, జరిగినదానితోనూ లేవు. ఆ తర్వాత కొలతలు చూసి ఇన్‌పుట్లు సరిచేసుకుంటూ పోతే అదే ఎఫ్‌డీఎస్ ప్రయోగానికి దగ్గరగా రాగలిగింది.

ఇందులోంచి తీసుకోవాల్సింది స్పష్టమే. మంట ఎంత పెద్దదో చెబితే, ఆ వేడి, పొగ ఎటు వెళ్తాయో సాఫ్ట్‌వేర్ బాగానే చెబుతుంది. ఎఫ్‌డీఎస్‌ను తయారుచేసే అమెరికా సంస్థ నిస్ట్ ప్రచురించే ధ్రువీకరణ పత్రంలో ఉష్ణోగ్రత, పొగ మట్టం లాంటి ఒక్కో రాశికీ నమూనా సగటున ఎటువైపు ఎంత తప్పుతుందో, ఎంత చెదురుతుందో అంకెలున్నాయి. వాటిని వాడుకోవాలి. కానీ సోఫా నుంచి పుస్తకాల అరకు మంట ఎప్పుడు దూకుతుందో ముందుగా చెప్పడం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి "సాఫ్ట్‌వేర్ ప్రకారం మంట ఇంత" అని రాసిన నివేదికలో ఆ వాక్యాన్ని "ఇంజనీరు ఎంచుకున్న మంట ఇంత" అని చదువుకోవాలి.

మసి విషయంలోనూ అంతే. కలప కాలితే కాలిన బరువులో సుమారు 1.5 శాతం మసి అవుతుంది. మెత్తటి పాలీయురెథేన్ ఫోమ్‌కు 13 శాతం, కొన్ని రకాలకు 20 దాటుతుంది. ఈ అంకెను సాఫ్ట్‌వేర్ కనిపెట్టదు, వాడేవాళ్ళే ఇస్తారు. మన హాల్లో 2 నుంచి 6 మీటర్ల మధ్య పొగ పొర 2400 ఘనపు మీటర్లు. మంటతో కాలే పదార్థాల పొగలో మామూలు బోర్డు 10 మీటర్ల దూరం నుంచి మాత్రమే కనిపించే స్థితికి రావాలంటే ఘనపు మీటరుకు సుమారు 35 మిల్లీగ్రాముల మసి చాలు. పొర అంతా సమానంగా కలిసిందనుకుంటే మొత్తం 83 గ్రాములు. అది పుట్టడానికి కలపైతే అయిదున్నర కిలోలు కాలాలి, ఫోమ్ అయితే 650 గ్రాములు సరిపోతుంది. వధూవరుల కోసం వేదిక మీద వేసే ఒక్క సోఫాలో ఇంతకు ఎన్నో రెట్లు ఫోమ్ ఉంటుంది. కలప కుర్చీల హాలని ఊహించి చేసిన చూపుమేర లెక్క, ఆ సోఫా వచ్చిన రోజు పనికిరాదు. లోపలి నుంచి వెలిగే ఎగ్జిట్ బోర్డు అదే పొగలో 27 మీటర్ల దాకా కనిపిస్తుంది. బోర్డు వెలుగుతోందా లేదా అన్నది కూడా వెళ్ళి చూడగలిగినదే.

మాంటె కార్లో పద్ధతి గురించి ఒక్క మాట. ఇన్‌పుట్లన్నిటికీ పంపిణీలిచ్చి వేలసార్లు లెక్క తిప్పి, ఎన్నిసార్లు లోటు వచ్చిందో చూడటం మంచి పద్ధతే. పదివేలసార్లు తిప్పినప్పుడు వెయ్యింట ఒక వైఫల్యం ఉంటే చేతికొచ్చేవి పది ఘటనలే. పదికి వర్గమూలం మూడు, అంటే ఆ సంభావ్యతలో మూడోవంతు దాకా తేడా కేవలం పాచికల వల్లే రావచ్చు. ఇంకా ఎక్కువసార్లు తిప్పితే ఆ తేడా పోతుంది. కానీ తలుపు మూత, జనం సంఖ్య విడివిడిగా కదులుతాయన్న తప్పు ఊహ కోటిసార్లు తిప్పినా అలాగే ఉంటుంది. గ్రాఫు మాత్రం నున్నగా కనిపిస్తుంది. నమూనాలో "ముహూర్తం రాత్రి", "మామూలు రాత్రి" అని రెండు స్థితులు పెట్టి, ఒక్కోదానికి వేరే ఇన్‌పుట్లు ఇవ్వడం ఈ జబ్బుకు చవకైన, నిజాయితీ గల మందు.

పరికరాలు పనిచేస్తాయన్న ఊహ

అమెరికాలో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి తెరుచుకుని నీళ్ళు చిమ్మే తలలు ఉన్న భవనాల్లో, వాటిని తెరిపించేంత పెద్ద మంట వచ్చినప్పుడు పదింట సుమారు తొమ్మిదిసార్లు అవి పనిచేశాయి. పనిచేయని సందర్భాల్లో ఎక్కువ భాగానికి కారణం ఎవరో వాల్వు కట్టేసి ఉండటం. ఆ 0.9 ను మన నివేదికల్లో అలాగే దించేస్తుంటారు. అది స్ప్రింక్లర్ తల లక్షణం కాదు, అక్కడి తనిఖీ అలవాట్ల కొలత. ఇక్కడి భవనంలో అంకె కావాలంటే పంపు గదికి వెళ్ళాలి. జాకీ పంపు (గొట్టాల్లో ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న పంపు), మెయిన్ పంపు సెలెక్టర్ ఆటోలో ఉన్నాయా మాన్యువల్‌లోనా? లీకేజీ వల్ల జాకీ పంపు మాటిమాటికీ తిరుగుతుంటే విసుగొచ్చి మాన్యువల్‌కు తిప్పేయడం పరిపాటి. పంపుల నీళ్ళు వెళ్ళే పెద్ద గొట్టం (హెడర్) మీద ప్రెషర్ గేజ్ సున్నా చూపిస్తుంటే ఇక సంభావ్యత చర్చ అనవసరం. మంటల కోసం ఉంచిన నీటిని తోటకో బాత్రూంలకో వాడుతున్నారా? ప్యానెల్‌లో అలారం మోత ఆపే హూటర్ సైలెన్స్ బటన్ నొక్కి ఉందా? డీజిల్ పంపు బ్యాటరీ చివరిసారి ఎప్పుడు మార్చారు?

ఘటనల చెట్టు, అంటే ఒకదాని తర్వాత ఒకటి ఏం జరగొచ్చో కొమ్మలుగా చూపే బొమ్మ, గీసేటప్పుడు ఈ వైఫల్యాల బంధుత్వం మళ్ళీ తలెత్తుతుంది. అలారం 0.9, స్ప్రింక్లర్ 0.9, అత్యవసర దీపాలు 0.9 అని మూడు కొమ్మలు గీస్తే మూడూ ఒకేసారి చెడటం వెయ్యింట ఒకటి. మంట పుట్టింది మెయిన్ ఎలక్ట్రికల్ ప్యానెల్లో అయితే, పంపుకు వేరే కరెంటు లైను (ఫీడర్) లేకపోతే, బ్యాటరీలు చచ్చి ఉంటే మూడింటి గొంతూ ఒకే చోట నొక్కుకుపోతుంది. ఆ చెట్టుకు మొదటి కొమ్మగా "మంట కరెంటు సరఫరాను తాకిందా" అన్న ప్రశ్న రావాలి, దాని తర్వాతే మిగతావి.

కొన్నిచోట్ల చెట్టే సరిపోదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ మెట్ల దారిన పైకెక్కి 8 మంది చనిపోయారు. లిథియం బ్యాటరీల మంట నాలుగు తరగతుల నమూనాలో ఎక్కడా ఇమడదు. మెల్లగా పెరిగే దశ లేకుండానే ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు వేడి పాకుతుంది, మండే వాయువులు చిమ్ముతాయి, ఆరినట్టు కనిపించి మళ్ళీ రాజుకుంటాయి. ఇక్కడ అతివేగం అని రాసి రెండు రెట్ల భద్రతా గుణకం వేయడం వల్ల తెలియనితనం పోదు. అలాంటప్పుడు లెక్కను పక్కన పెట్టి అమరికను మార్చడమే మార్గం: నిద్రపోయే మనుషులకున్న ఒకే మెట్ల దారి కింద బ్యాటరీల నిల్వ ఉండకూడదు. నిల్వ ఉంటే ఆ మెట్లు వేరే గోడతో, పొగ ఆపే తలుపుతో విడిపోయి ఉండాలి.

ఎక్కడ విరుగుతుందో వెనక్కి లెక్కించడం

మన హాలుకు తిరిగి వద్దాం. "భద్రమా కాదా" అని అడిగితే జవాబు ఊహలను బట్టి ఎటైనా వస్తుంది. అదే లెక్కను వెనక్కి తిప్పి, మిగులు సున్నా కావాలంటే ఎంతమంది ఉండాలి అని అడిగితే జవాబు చేతిలో పట్టుకోదగ్గదవుతుంది. డెకరేషన్ ఉంటుంది కనుక వేగం మంటే తీసుకుందాం, 336 సెకన్లు. గుర్తింపు, కదలిక కలిపి 150 పోతే 186 మిగులుతాయి. రెండు తలుపులూ తెరిచి ఉంటే 822 మంది. ఒక తలుపు మూస్తే 411. ఇప్పుడు తలుపులు రెండూ తెరిచే ఉంచి, శిక్షణ లేని సిబ్బంది వల్ల కదలిక 90 నుంచి 180 సెకన్లకు జరిగిందనుకుందాం: 96 సెకన్లే మిగులుతాయి, 424 మంది. అంటే జనాన్ని లేపి పంపడం తెలియని సిబ్బంది ఉంటే ఒక తలుపుకు తాళం వేసినంత నష్టం. ఈ పోలిక హాలు యజమానికి ఏ సంభావ్యతా గ్రాఫు కంటే త్వరగా అర్థమవుతుంది, డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతుంది. కొత్త తలుపు కొట్టించడానికి గోడ పగలాలి, సిబ్బందికి డ్రిల్ చేయించడానికి ఒక ఖాళీ రోజు చాలు.

822 అన్నది అంచు. అంచు మీద పరిమితి పెట్టకూడదు. 60 సెకన్ల మిగులు అట్టిపెట్టుకుంటే సుమారు 550 వస్తుంది. ఆ 60 ఎందుకు, 90 ఎందుకు కాదు అన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. అది ఎంత ప్రమాదాన్ని ఒప్పుకుంటాం అన్న నిర్ణయం. నిర్ణయమని పేరు పెట్టి, ఎవరు తీసుకున్నారో సంతకంతో రాయాలి. సూత్రంలోంచి పుట్టినట్టు చూపించకూడదు. ప్రమాదం ఎంత తరచుగా రావచ్చో, ఎంత తీవ్రమో రంగుల గళ్ళలో చూపే అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళ రిస్క్ మ్యాట్రిక్స్ వాడేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క గడికి రంగు వేసే బదులు, ఇన్‌పుట్ల చెదురు ఏ గడి నుంచి ఏ గడి దాకా తీసుకెళ్తుందో గీత గీసి చూపాలి. ఆ గీత ఎర్ర గళ్ళను తాకితే మధ్య గడి పసుపు అయినంత మాత్రాన సరిపోదు.

ఇక నివేదికలోని ఊహలు హాలు గోడ మీదికి రావాలి. లెక్క 550 మందికి, రెండు తలుపులకు, శిక్షణ ఉన్న సిబ్బందికి సరిపోయిందంటే, ఆ మూడూ ఇన్‌పుట్లుగా ఉండటం మానేసి షరతులవుతాయి. కుర్చీలు 550 మించి లోపలికి రాకూడదు. అతిథుల లెక్క చేతికి దొరక్కపోయినా కుర్చీల లెక్క దొరుకుతుంది, టెంటు హౌస్ చలానా మీదే ఉంటుంది. రెండు తలుపుల ముందూ నేల మీద పసుపు గీతలు గీసి, మండపం ఆ గీత దాటకూడదని డెకరేషన్ కాంట్రాక్టులో రాయాలి. తలుపులకు గడియ బదులు లోపలి నుంచి తోస్తే తెరుచుకునే పానిక్ బార్ ఉండాలి. అప్పుడు పిలవనివాళ్ళు లోపలికి రారు, లోపలివాళ్ళు ఎప్పుడైనా వెళ్ళగలరు. గడియ పెట్టాల్సిన అవసరమే పోతుంది కనుక, జనం పెరిగితే తలుపు మూతపడటం అన్న బంధం కూడా తెగుతుంది. అనిశ్చితిని లెక్కలో పట్టుకోవడం కంటే ఇలా దాని కారణాన్నే తీసేయడం మేలు. అలారం మోగగానే డీజే, మైకు కరెంటు కట్ అయ్యే రిలే పెట్టించడం కూడా ఆ కోవలోదే. చిన్న ఖర్చు, కదలిక సమయంలో నిమిషం దాకా మిగలొచ్చు.

లెక్కకు గడువు కూడా రాయాలి. భోజనాల హాలు కాన్ఫరెన్స్ హాలు అయినా, కింద అంతస్తులో కొత్త దుకాణం వచ్చినా, సీలింగుకు కొత్త ఫోమ్ ప్యానెళ్ళు అతికించినా, తలుపు వెడల్పు తగ్గినా పాత నివేదిక చెల్లదు. నివేదిక మొదటి పేజీలోనే, ముగింపు వాక్యానికి పైన, ఈ నాలుగైదు మార్పులనూ పేర్లతో రాసి, వీటిలో ఏది జరిగినా తిరిగి లెక్కించాలని పెడితే, తనిఖీకి వచ్చిన అగ్నిమాపక అధికారి ఆ పేజీ పట్టుకుని హాలంతా పది నిమిషాల్లో సరిచూసుకోవచ్చు.